గంట పుల్లలు

మా ఇంట్లో మనుషుల్ని పుల్లల లెక్కన విడదీసింది అన్నయ్య. అడవి నేల మీద రాలిన పుల్లల్లో అగ్గిపుల్లంత సన్నవి ఎండ తగిలితే గంటలో ఎండిపోతాయి కాబట్టి వాటిని గంట పుల్లలంటారు. వేలి లావువి పది గంటలవి, మణికట్టు లావువి వంద గంటలవి, ఆపైన దుంగలన్నీ వెయ్యి గంటలవి. నేను గంట పుల్లనట. ఇట్టే అంటుకుంటాను, ఇట్టే ఆరిపోతాను. అమ్మ పది గంటలది. అన్నయ్య తనకి తాను వంద గంటలు వేసుకున్నాడు, ఎవరి డప్పు వాళ్ళే కొట్టుకోవాలి కదా. ఇక నాన్న వెయ్యి గంటల దుంగ. ఓ పట్టాన అంటుకోడు. అంటుకున్నాడంటే పైకి కనపడకుండా లోపల్లోపలే వారాల తరబడి కాలుతూ ఉంటాడు.

ఇదంతా వేళాకోళమే కానీ మా ముగ్గురి ఉద్యోగాలూ ఆ పుల్లల మీదే నడిచేవి. నాన్న కొండ మీది పైన్ అడవిలో కొలత టేపు పరిచి, నేల మీద కాలడానికి ఏమేం ఉందో లెక్కపెట్టేవాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని, అందుకే ఊరంతా ఆయన్ని టేపు మాస్టారనే పిలిచేది. నేను కొండ కింద ఆఫీసులో, సంచుల్లో వచ్చిన సూదాకునీ, అంటే సూదుల్లా రాలే పైన్ ఆకునీ, పుల్లల్నీ ఓవెన్లో ఎండబెట్టి తూచేదాన్ని. అన్నయ్య మంటల జట్టులో ఉండేవాడు. ఎండలు ముదరకముందే వాలు వాలుగా నేల మీది చెత్తని వాళ్ళే పద్ధతిగా తగలబెట్టేస్తారు, తర్వాత అసలు కార్చిచ్చు వచ్చినా దానికి తినడానికి ఏమీ మిగలకుండా.

ఎంత పద్ధతిగా తగలబెట్టాలో నాన్న లెక్కే చెప్పాలి. లెక్క తక్కువొస్తే ఆ వాలుకి ‘తేలిక’ అని రాస్తారు. అప్పుడు చుట్టూ ఒక మీటరు వెడల్పున మట్టి కనపడేలా గీకి, ఆరుగురితో పని కానిస్తారు. ఎక్కువొస్తే ‘బరువు’ అని రాస్తారు. మూడు మీటర్ల గీత, పన్నెండు మంది, రెండు నీళ్ళ బళ్ళు. ‘తేలిక’ అని రాసిన చోట నిజానికి ‘బరువు’ ఉంటే మంట ఆ గీత దాటుతుంది, దాన్ని పెట్టినవాడి మీదికే తిరిగొస్తుంది.

ఆ ఏడు తూర్పు వాలుకి ‘తేలిక’ అని రాశారు. మండే నూనె డబ్బా పట్టుకుని ముందు నడుస్తూ నిప్పు కార్చుకుంటూ పోవాల్సినవాడు మా అన్నయ్య.

తూర్పు వాలు సంచులు నా దగ్గరికొచ్చింది వేసవి మొదటి వారంలో. ఆ ఏడు కొత్తగా, నాన్న టేపు పరిచిన కొన్ని చోట్ల, పక్కనే చదరపు ఫ్రేము వేసి అందులో ఉన్న చెత్తంతా కాగితం సంచికెత్తడం వేరే జట్టు పని. ఆ సంచుల్ని నేను రెండు రోజులు ఓవెన్లో ఉంచి, సూదాకు వేరు, పుల్లలు వేరు, పుల్లల్లో మళ్ళీ లావుని బట్టి వేరు చేసి తూస్తాను. మొదటి సంచిలో గంట పుల్లలు తూచగానే కాటా చూపించిన అంకె నాకు నచ్చలేదు. నాన్న లెక్క ప్రకారం రావాల్సినదానికి మూడింతలు ఉంది. రెండో సంచీ అంతే. మూడోది ఇంకాస్త ఎక్కువ.

వెంటనే నేను చేసిన పనేమిటంటే కాటా బాగుచేసే మనిషికి ఫోన్ చేశాను.

ఆయన పెట్టె నిండా ఇత్తడి తూకాలు వేసుకొచ్చి, ఒక్కొక్కటే కాటా మీద పెట్టి చూశాడు. పొద్దున్నించీ మధ్యాహ్నం దాకా చూశాడు.

“కాటాకి ఏ జబ్బూ లేదమ్మా. జబ్బంతా మీ అనుమానానికే,” అని పెట్టె మూసేశాడు.

“మూడింతలు ఎక్కువ చూపిస్తోందండీ.”

“మూడింతలు ఉండుంటాయి మరి.”

నేను నవ్వాను. పాపం ఆయనకి టేపు మాస్టారి సంగతి తెలీదులే అనుకున్నాను. సంచులెత్తినవాళ్ళు పుల్లలు కుప్పపడ్డ చోట్లే ఏరి ఫ్రేము వేశారని తీర్మానించుకుని, పదకొండు సంచుల మీద ‘మళ్ళీ చూడాలి’ అని చీటీలు అంటించి పై అరలో పెట్టేశాను. నాన్న రాసుకొచ్చిన లెక్క కింద మామూలుగా నా సంతకం పెట్టాను. నా కాటా అబద్ధం చెప్పొచ్చు, సంచులు అబద్ధం చెప్పొచ్చు, నాన్న లెక్క మాత్రం తప్పదు. చిన్నప్పుడు మాకు సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని చెప్పిందీ ఆయనే, ఇది కూడా అలాంటిదే అనుకున్నాను.

తర్వాతి శుక్రవారం సాయంత్రం అమ్మ వరండాలో ఉతికిన బట్టలు మడత పెడుతోంది. నేను టీ తాగుతూ గోడకానుకుని కూర్చున్నాను. అన్నయ్య బూట్లకి నూనె రాస్తున్నాడు. సోమవారం తూర్పు వాలుకి నిప్పు పెడుతున్నారని ఆ మధ్యాహ్నమే ఆర్డరొచ్చింది.

“నీ జట్టులో ఎంతమంది?” అంది అమ్మ.

“ఆరుగురం. తేలిక వాలేగా అమ్మా, పదింటికి మొదలుపెడితే భోజనాలకి ఇంట్లో ఉంటా.”

“పోయినేడు పడమటి వాలూ తేలికే అన్నావు.”

అన్నయ్య చేతిలో గుడ్డ ఆగింది. పడమటి వాలు మీద మంట గీత దాటి, అన్నయ్య పక్కనే నడుస్తున్న పొడుగాయన రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. గాలి అడ్డం తిరిగిందన్నారు. కాగితాల మీదా గాలి అనే రాశారు. ఆయన్నిప్పుడు ఆఫీసు గేటు దగ్గర కూర్చోబెట్టారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమనే సామెత మా ఇంట్లో అప్పట్నుంచీ ఎవరూ వాడరు.

“అది గాలమ్మా,” అన్నాడు అన్నయ్య. “గాలికి ఎవరేం చేస్తారు?”

అమ్మ నాన్న ఖాకీ ప్యాంటు దులిపి, ఎత్తి పట్టుకుని చూసి, మాట మార్చడానికన్నట్టు నవ్వింది. “ఏమైనా మీ నాన్న ఈ మధ్య నా మీద దయతలిచారే. వేసవొస్తే చాలు, వారానికో మోకాలు చింపుకొచ్చేవారు. అతుకులు వేయలేక చచ్చేదాన్ని. ఇదిగో చూడు, కొత్త ప్యాంటులా ఉంది.”

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను.

“పోయినేడు?” అన్నాను.

“ఏం పోయినేడు?”

“పోయినేడు ఎన్ని వేశావ్ అతుకులు?”

“పోయినేడూ లేవే. ఎందుకలా మొహం పెట్టావ్?”

ఎందుకో ఆవిడకి ఎలా చెప్పను? టేపు పని మోకాళ్ళ మీద చేసే పని. టేపు పరిచాక మొదటి రెండు మీటర్లూ నేల మీదికి వంగి, ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి, సూదాకుని మునివేళ్ళతో పక్కకి తీస్తూ, టేపు కింద అడ్డంగా పడున్న ప్రతి పుల్లనీ లెక్కపెట్టాలి. గంట పుల్లలు సూదాకులో దాక్కుంటాయి. నిలబడి చూస్తే మూడోవంతు కూడా కనపడవు. దుంగలు మాత్రం నిలబడ్డా కనపడతాయి, అందుకే నాన్న కాగితాల్లో దుంగల లెక్క ఏటా సరిగ్గానే ఉంటోంది. గంట పుల్లలే రెండేళ్ళుగా తగ్గుతూ వస్తున్నాయి. అడవి శుభ్రపడుతోందని ఆఫీసంతా సంబరపడింది. నేనూ పడ్డాను.

ఒకప్పుడు నాన్నతోపాటు రాసుకునే మనిషి ఒకడుండేవాడు. రెండేళ్ళ క్రితం అతన్ని వేరే పనిలోకి తీసుకున్నాక లెక్కా ఆయనదే, రాతా ఆయనదే. ఎలా నిలబడ్డాడో చూసినవాళ్ళెవరూ లేరు.

ఆ ప్యాంటు అమ్మ చేతిలోంచి లాక్కుని మోకాళ్ళ దగ్గర వెలుతురుకి పెట్టి చూశాను. బట్ట పలచబడను కూడా లేదు. లోపల గదిలో నాన్న రేడియో పెట్టుకుని కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఈ మధ్య అలాగే కూర్చుంటున్నాడు. కూర్చున్నవాడు లేచేటప్పుడు కుర్చీ చేతులు పట్టుకుని లేస్తున్నాడు. రోజూ చూస్తూనే ఉన్నాను.

“నాన్నా, రేపు నాకోసారి టేపు నేర్పిస్తావా?” అన్నాను గుమ్మంలోంచి.

“ఇప్పుడు గుర్తొచ్చిందా? నాలుగు నెలల్లో రిటైరవుతుంటే?”

“అందుకే.”

ఆయన నా వంక కాసేపు చూసి, రేడియో గొంతు కాస్త తగ్గించాడు. “తూర్పు వాలుకే పోదాం. అక్కడైతే గుర్తు కర్రలు ఇంకా తీయలేదు,” అన్నాడు.

శనివారం పొద్దున్న ఇద్దరమే కొండెక్కాం. మామూలుగా ఆయన ముందు నడుస్తాడు, నేను వెనక ఆయాసపడుతూ పోతాను. ఆ రోజు నేనే మూడుసార్లు ఆగి ఆయన కోసం చూడాల్సొచ్చింది. “పువ్వులు చూస్తున్నా,” అన్నాడు ఒకసారి. అక్కడ పువ్వులు లేవు.

పద్నాలుగో నెంబరు గుర్తు కర్ర దగ్గర ఆగాం. చుట్టూ పైన్ చెట్ల నీడ, కాళ్ళ కింద ఎర్రగా ఎండిన సూదాకు పరుపు. నాన్న టేపు లాగి, ఆ చివర నన్ను పట్టుకోమని, బిగించి మేకు కొట్టాడు. మేకు కూడా నిలబడే, చేతికర్ర అడుగుతో కొట్టాడు. తర్వాత మెడలో తాడుకి వేలాడే గాడుల బిళ్ళ తీశాడు. పుల్ల ఏ గాడిలో పడితే ఆ లావు అని చెప్పే ఇనప బిళ్ళ అది. ఇరవై ఆరేళ్ళ అరుగుదలకి అంచులు నున్నబడ్డాయి.

“చూడు. మొదటి రెండు మీటర్లూ గంట పుల్లలు. కంటితోనే తెలిసిపోతుంది, బిళ్ళ అక్కర్లేదు.” చేతికర్ర మీద బరువు వేసి టేపు పక్కనే మెల్లగా నడిచాడు. “ఒకటి, రెండు, మూడు... ఆరు... ఎనిమిది. ఎనిమిది రాసుకో.”

“నేనోసారి చూడనా?”

“చూడు. నీ చదువూ నా కన్నూ ఒకటే చెప్పాలి.”

నేను టేపు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. కింద రాయి గుచ్చుకుంది. మునివేళ్ళతో సూదాకు తీస్తూ పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నా గొంతు నాకే పరాయిదానిలా వినపడింది. ఎనిమిది దాటేటప్పుడు ఆయన మొహం వంక చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. తొమ్మిది. పది. సూదాకు కింద ఇంకా ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి, గోరంత లావు లేనివి, చేత్తో ముట్టుకుంటే విరిగేంత ఎండినవి. పదిహేడు. పద్దెనిమిది. ఒక చోట లెక్క తప్పితే బాగుండుననిపించింది. ఇరవై తొమ్మిది దగ్గర రెండో మీటరు గీత వచ్చింది.

చెట్ల పైన ఎక్కడో పిట్ట ఒకటి కూసి ఊరుకుంది.

“పచ్చివీ కలిపి ఉంటావు,” అన్నాడు నాన్న.

ఒకటి తీసి చేతికిచ్చాను. ఆయన విరిచాడు. టక్కుమంది. ఇంకోటిచ్చాను. అదీ టక్కుమంది. నాలుగోదాని తర్వాత ఆయన చెయ్యి చాపలేదు.

“జరుగు,” అన్నాడు.

చేతికర్ర కింద పడేసి మోకాలు వంచబోయాడు. సగంలో ఆగిపోయి, రెండు చేతులూ నేల మీద పెట్టేసి, పక్కకి ఒరిగి కూలబడ్డాడు. ఆయన నోట్లోంచి వచ్చిన చప్పుడు నేనెప్పుడూ వినలేదు. పట్టుకోబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపి, అలా ఒరిగున్నచోట్నుంచే సూదాకు తీసి చూశాడు. లోపలున్నవి చూశాడు. వేలితో ఒక్కొక్కటే తాకుతూ పోయాడు. పెదాలు కదులుతున్నాయి. చివరిదాకా లెక్కపెట్టాడు.

“ముప్పై,” అన్నాడు. “ఒకటి నువ్వు వదిలేశావు.”

లేవడానికి ఇద్దరం చాలా తంటాలు పడ్డాం. నా భుజం మీద ఆయన బరువంతా పడింది. లేచాక ప్యాంటు దులుపుకుంటూ అలవాటు కొద్దీ “అమ్మకి చెప్పకు” అన్నాడు. తర్వాత ఎందుకన్నానా అన్నట్టు తలూపాడు.

“ఎప్పట్నుంచి నాన్నా?”

“రెండేళ్ళు. ఆఫీసులో తెలిస్తే డాక్టరు దగ్గరికి పంపుతారు, డాక్టరు కుర్చీలో కూర్చోబెడతాడు.” దుంగ మీద కూర్చున్నాడు. “అయినా నిలబడే చెప్పగలను అనుకున్నా. ఇన్నేళ్ళు చూసిన నేల. ఇక్కడ ఎన్నుంటాయో నాకు తెలీదా అనుకున్నా.”

నేను ఆయన పక్కన కూర్చోలేదు. నాలో ఉన్న గంట పుల్ల అంటుకోవడానికి సిద్ధంగా ఉంది, కూర్చుంటే ఏడుస్తానని భయం. సోమవారానికి మధ్యలో ఒక్క రోజుంది. పైన్ కాయొకటి దొర్లుకుంటూ వచ్చి గుర్తు కర్రకి తగిలి ఆగింది.

“ఒక పని చేద్దాం,” అన్నాడు నాన్న, నా వంక చూడకుండా. “ఆఫీసరమ్మకి నేను ఫోన్ చేస్తాను. తూర్పు వాలు మీద ఈ వారం గాలి లేచేలా ఉంది, మూడు మీటర్ల గీత గీయించండి, పన్నెండు మందిని పెట్టండి అని చెప్తాను. నా మాట వింటుంది. నీ అన్నకేం కాదు. లెక్క సంగతి... నాలుగు నెలలేగా. నేనెలాగూ వెళ్ళిపోతున్నాను.”

నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. అన్నయ్యకి ఏమీ కాదు. నాన్న పరువు పోదు. కాటా మనిషిని పిలిచిన నా తెలివితక్కువతనం కూడా పై అరలోనే ఉండిపోతుంది. సరేననడానికి నోరు తెరిచాను.

“పోయినేడు కూడా గాలనే అన్నారు నాన్నా,” అన్నాను.

అది అనాలని అనుకోలేదు. మాట దానంతటదే వచ్చేసింది. నాన్న చేతిలో ఉన్న పుల్లని తిప్పుతూ ఉన్నాడు. తిప్పుతూ తిప్పుతూ ఆపేశాడు. పడమటి వాలు లెక్క ఎవరు చేశారో, ఎలా చేసి ఉంటారో మాకిద్దరికీ అప్పుడే తట్టింది. ఆయన చేతికర్ర అందుకుని లేచి, మేకు ఊడదీసి, టేపు చుట్టాడు. తొందరేమీ పడలేదు. ఎప్పటిలాగే మట్టి తుడుచుకుంటూ చుట్టాడు.

“పద. ఆఫీసరమ్మ శనివారాలు మధ్యాహ్నం దాకా ఉంటుంది,” అన్నాడు.

ఆఫీసరమ్మ అంటే అన్నయ్య వయసు మనిషి. నాన్న దగ్గరే టేపు నేర్చుకుంది, ఇప్పటికీ ఆయనొస్తే లేచి నిలబడుతుంది. ఆ రోజూ లేచింది. నాన్న కూర్చోలేదు. మెడలోంచి తాడు తీసి గాడుల బిళ్ళ ఆవిడ బల్ల మీద పెట్టాడు.

“తూర్పు వాలు బరువమ్మా. నా లెక్క తప్పు. మోకాళ్ళు పోయి నిలబడి లెక్కపెట్టాను. రెండేళ్ళుగా.”

ఆవిడ ఆ బిళ్ళ వంక, నాన్న వంక, నా వంక చూసింది. “ఎన్ని టేపులు?” అంది.

“ఈ ఏడు ఇరవై నాలుగు. పోయినేడు పడమటి వాలు మీద ఇరవై.”

పడమటి వాలు అనగానే ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది. ఫోన్ తీసి సోమవారం పని ఆపమని చెప్పింది. రెండే మాటలు. పెట్టేశాక నా వైపు తిరిగింది.

“సంచులు నీ దగ్గరికే వస్తాయి కదా. నీ కాటాకి తెలియలేదా?”

“తెలిసింది మేడం.”

“మరి?”

కాటా బాగుచేయించానని చెప్పాను. నేనే ఆవిడైతే అరిచేదాన్ని. “నేనూ అదే చేసేదాన్నేమో,” అంది ఆవిడ. అరిచినా అంత బాధనిపించేది కాదు.

ఇంట్లో అన్నయ్య అరిచాడు, ఆఫీసరమ్మ అరవనిది కూడా కలిపి. వంద గంటల పుల్లనని చెప్పుకున్నవాడు ఒక్క క్షణంలో భగ్గుమన్నాడు. “సోమవారం నన్ను పంపేవాడివి కదా నాన్నా! బూట్లకి నూనె కూడా రాసుకున్నా!” అని, ఆ నూనె రాసిన బూట్లే గోడకేసి కొట్టాడు. నాన్న తలొంచుకుని విన్నాడు. అమ్మ ఆ ఖాకీ ప్యాంటు తీసి మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది. తర్వాత వారం రోజులు అన్నయ్య నాన్నతో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా అమ్మ ద్వారానే అడిగాడు.

ఆ వారమంతా నేను కొండ మీదే ఉన్నాను. ఇరవై నాలుగు టేపులూ మళ్ళీ పరిచాం. నేను మోకాళ్ళ మీద, నాన్న మడత కుర్చీ మీద. కుర్చీ తీసుకురావడానికి ఒప్పుకోవడానికే ఆయనకి ఒక పూట పట్టింది. నేను చెప్తూ ఉంటే ఆయన రాసేవాడు.

“గంట పుల్లలు?”

“ముప్పై మూడు.”

“మళ్ళీ చూడు.”

“ముప్పై నాలుగు.”

“ఊఁ.”

ఒక్కో అంకె రాసేటప్పుడు పక్కనే తన పాత అంకెని కూడా రాసేవాడు. తొమ్మిది పక్కన ముప్పై నాలుగు. ఏడు పక్కన ఇరవై ఆరు. ఎవరూ అడగలేదు అలా రాయమని. వద్దు నాన్నా అంటే, “చూడాల్సినవాళ్ళు చూస్తారు, రాయనీ,” అన్నాడు.

పదకొండు సంచుల చీటీలు పీకేసి, తూకాలు యథాతథంగా రాశాను. టేపు లెక్కకీ సంచి తూకానికీ ఆ ఏడు మొదటిసారి పొంతన కుదిరింది.

అనుకున్నదానికి పన్నెండు రోజులు ఆలస్యంగా తూర్పు వాలుకి నిప్పు పెట్టారు. మూడు మీటర్ల గీత, పన్నెండు మంది, రెండు నీళ్ళ బళ్ళు. డబ్బా పట్టుకుని ముందు నడిచేది అన్నయ్యే. నాన్న ఇంట్లో ఉండలేక ఆఫీసుకొచ్చాడు. గేటు దగ్గర్నుంచి తూర్పు వాలంతా కనపడుతుంది కాబట్టి అక్కడికే వెళ్ళి నిలబడ్డాడు. నేనూ ఓవెన్ ఆపేసి వెళ్ళాను.

గేటు దగ్గర పొడుగాయన తన బల్ల మీద కొంచెం జరిగి నాన్నకి చోటిచ్చాడు. ఆయన చేతుల మీద చర్మం మెరుస్తూ, బిగిసి ఉంటుంది. కుడిచేతి వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. గేటు గొళ్ళెం అరచేత్తో తోస్తాడు. “కూర్చోండి మాస్టారూ. పిల్లాడు జాగ్రత్త మనిషే, ఏం కాదు,” అన్నాడు.

లెక్క మారిన సంగతి ఆఫీసంతా తెలుసు. ఆయనకీ తెలిసే ఉంటుంది. ఎవరూ ఆయన ముందు ఆ మాటెత్తలేదు.

పదిన్నరకి మొదటి పొగ లేచింది. తెల్లగా, పలచగా, చెట్ల మధ్య నుంచి. కాసేపటికి మంటల చప్పుడు మా దాకా వినపడింది. అంత దూరంలో ‘తేలిక’ వాలు వినపడదు. పొగ చిక్కబడి, గోధుమరంగు తిరిగి, అడుగున ఎర్రగా కదిలింది. నేను మనసులో మీటర్లు లెక్కపెట్టుకుంటున్నాను. ఒక మీటరైతే ఈపాటికి దాటేసేది. ఆరుగురైతే ఈపాటికి ఎవరు ఎటు పరిగెత్తేవాళ్ళో.

“తమ్ముడూ,” అన్నాడు నాన్న, పొగ మీంచి కళ్ళు తీయకుండా. “పోయినేడు పడమటి వాలు మీద అది గాలి కాదు. నా లెక్క. నిలబడి లెక్కపెట్టాను. నీ చేతులు నా మూలంగానే పోయాయి.”

పొడుగాయన తన చేతుల్ని మోకాళ్ళ మీద బోర్లా పెట్టుకుని చూసుకున్నాడు. తిడితే బాగుండునని నేను ఎదురుచూశాను. లేచి వెళ్ళిపోయినా బాగుండును.

“గాలి లేదని నాకు తెలుసు మాస్టారూ,” అన్నాడు మెల్లగా. “నేనక్కడే ఉన్నాగా. ఆకు కూడా కదల్లేదు. ఆసుపత్రిలో పడుకుని అదే ఆలోచించేవాణ్ణి, గాలి లేకుండా ఎలా దాటిందా అని.” కొంచెం ఆగాడు. “కానీ మీ లెక్క తప్పదు కదా. మరి గాలే వచ్చుంటుంది, నేనే గమనించి ఉండననుకున్నా. అడిగినవాళ్ళకి గాలి వచ్చిందనే చెప్పా.”

నాన్న మొహం నేను చూడలేదు. చూసే ధైర్యం నాకు లేదు. నా కాటా అబద్ధం చెప్తోందని నేననుకున్నాను. ఆ మనిషి తన కాలిన ఒంటినే అబద్ధమనుకున్నాడు.

ముగ్గురం అలాగే కూర్చున్నాం. ఒంటిగంటకి పొగ మళ్ళీ తెల్లబడింది. రెండింటికి కొండ దారిలో మనుషులు కనపడ్డారు. లెక్కపెట్టాను. పన్నెండు. మసి పట్టిన మొహాల్లో మా వాడెవడో దగ్గరికొచ్చేదాకా తెలియలేదు. అన్నయ్య గేటు దగ్గర హెల్మెట్ తీసి, ముందు పొడుగాయనకి తలూపి, తర్వాత రెండు వారాల్లో మొదటిసారి నాన్న వంక సూటిగా చూశాడు.

“ఛాతీ ఎత్తున లేచింది నాన్నా,” అన్నాడు. “గీత దగ్గర ఆగింది.”

నాన్న లేవబోయాడు. చేతికర్ర జారింది. పక్కనుంచి పొడుగాయన తన వంగని చేతిని ఆయన చంక కింద పెట్టి పైకి లేపాడు. గేటు గొళ్ళెం తోసినట్టే, అరచేత్తో.

అప్పుడు ఏడ్చాడు మా వెయ్యి గంటల దుంగ, పట్టపగలు, ఆఫీసు గేటు దగ్గర, అందరూ చూస్తుండగా. ఎవరం ఆపలేదు.

మర్నాటి నుంచి ఆయన కుర్చీ పనిలోకి మారాడు, మిగిలిన నాలుగు నెలలూ ఆయన రాసిన కాగితాలన్నీ ఆఫీసరమ్మ మళ్ళీ సరిచూసేది, సరిచూడమని ఆయనే అడిగాడు కాబట్టి. పడమటి వాలు కాగితాల్లో గాలి అన్న చోట కొట్టేసి, లెక్క తప్పు అని తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. గాడుల బిళ్ళ ఇప్పుడు నా మెడలో ఉంటుంది. నాతోపాటు రాసుకునే మనిషి లేకుండా నన్ను కొండెక్కనివ్వరు.

ఆ వేసవిలో అమ్మ మొత్తం నాలుగు మోకాళ్ళకి అతుకులు వేసింది. నాలుగూ నావే.